స్పీకర్‌ని ఒక జానెడు జరిపి చూడండి

ముందే ఒప్పుకుంటున్నాను. పోయిన ఏడాది నేను నాలుగున్నర వేలు పెట్టి స్పీకర్ వైరు కొన్నాను. ఒక జత, ఒక్కోటి ఐదు మీటర్లు. సెమిస్టర్ పుస్తకాలకని నాన్న ఇచ్చిన డబ్బులవి. పుస్తకాలు ఎలాగూ లైబ్రరీలో దొరికాయి కాబట్టి ఇది తప్పు కిందికి రాదని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న బి-బ్లాక్‌లో రాత్రి రెండింటిదాకా ఒక గొడవ నడిచింది. "ఆడియోలో ప్రతి చిన్న మార్పూ వినిపిస్తది, వినే చెవి ఉండాలంతే" అని ఒకడు. "వైరు వైరే రా, మిగతాదంతా బోగస్" అని ఇంకొకడు. ఇద్దరూ ఈసీఈనే. ఇద్దరి దగ్గరా మల్టీమీటర్ ఉంది. కానీ ఎదురుగా టేబుల్ మీదున్న స్పీకర్‌ని లేచి ఒక జానెడు పక్కకి జరిపి చూద్దామని మాత్రం ఎవడికీ తోచలేదు.

ఇద్దరూ తప్పేనని నా అభిప్రాయం. చిన్న చిన్న మార్పులతో ఇంట్లో సౌండు మారుతుంది, బాగా మారుతుంది. కాకపోతే ఆ మార్పు ఎక్కువసార్లు పైసా ఖర్చు లేని చోట ఉంటుంది. మనం మాత్రం ఖర్చు పెట్టిన చోటే వెతుకుతాం. నేను వెతికినట్టు.

మా ఇల్లు పాతబస్తీ గౌలిపురాలో. ముందు గది పదడుగులు ఇంటూ పదడుగులు. డంగు సున్నం గోడలు, పైన టేకు దూలాలు ఉండేవి. నాన్న పత్తర్‌గట్టిలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకి వస్తాడు, తింటాడు, పదింటికి ఆంప్లిఫయర్ ఆన్ చేస్తాడు. అదేం కంపెనీ సెట్టు కాదు. 1980ల చివర్లో మా పెద్దనాన్న కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొని ఒక మెకానిక్ చేత కట్టించుకున్నది. పేరు లేదు, ముందు పట్టీ మీద వాల్యూమ్, బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ అని నాలుగు నాబ్‌లు. ఒకరోజు ఘంటసాల, ఒకరోజు బేగం అఖ్తర్, శనివారం పొద్దున అమ్మ కోసం సుబ్బులక్ష్మి సుప్రభాతం. నాన్నకి రోజులో తనదంటూ ఉన్నది ఆ ముప్పావు గంటే.

రెండేళ్ల కింద ఇల్లు రిపేరు చేయించాం. దూలాలు చెదలు పట్టాయని తీసేసి స్లాబ్ వేశారు. కింద షాబాద్ బండలు తీసి మెరిసే టైల్స్ పరిచారు. గదిలో జాగా కలిసొస్తుందని స్పీకర్లని సజ్జ మీదికి, రెండు మూలలకి ఎక్కించాం. అప్పటినుంచి నాన్న ఒకటే మాట. "మునుపటి లెక్క లేదు రా. గొంతు దబ్బదబ్బ అంటున్నది, మళ్ల మీదికెళ్లి గుచ్చుతున్నది."

ఇక్కడ ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి తట్టాల్సింది ఏమిటి? ఏం మార్చాక తేడా వచ్చింది అని. కప్పు మారింది, నేల మారింది, స్పీకర్ల చోటు మారింది. వైరు మారలేదు. నేను వైరు కొన్నాను.

ఎందుకంటే వైరు గురించి చదవడానికి బోలెడంత ఉంది. టైల్స్ గురించి, సజ్జ గురించి ఎవరూ రివ్యూ రాయరు కదా.

వైరు వచ్చింది. పాముపిల్లంత లావు, మీద అల్లిక. బిగించి, పాట పెట్టి, కళ్లు మూసుకుని, "అబ్బ! చూశావా నాన్నా, ఎంత క్లియర్‌గా ఉందో! గాలి ఆడినట్టుంది" అన్నా. నాన్న కాసేపు విని, "మంచిగున్నది రా" అన్నాడు. మూడు నెలలు అలాగే విన్నాం.

ఆ తర్వాత ఆంప్లిఫయర్ గుర్‌ర్ మనడం మొదలుపెట్టింది. దాన్ని సంచిలో పెట్టుకుని ఛత్తా బజార్ వెనక గల్లీలో ఒక చాచా దగ్గరికి తీసుకెళ్లా. ఛత్తా బజార్ అంటే ఇప్పుడు మనకి పెళ్లికార్డులు, ప్రింటింగ్ ప్రెస్సులే గుర్తొస్తాయి. కానీ పాత వాల్వు రేడియోల రిపేరుకి పేరుపడి పేపర్లకెక్కిన మహబూబ్ రేడియో సర్వీస్ కూడా ఆ బజారుదే. ఈ ఊరికి రేడియో పిచ్చి ఇవాళ్టిది కాదు. దక్కన్ రేడియో 1935లోనే నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. నేను చెప్తున్న చాచాది అంత పేరున్న కొట్టేమీ కాదు. మనిషి కూర్చుంటే సామాను బయట ఉండాలి, అంత జాగా.

చాచా మూత తీసి, లోపల పెద్ద కెపాసిటర్లు రెండింటిని వేలితో తడిమి చూశారు. రెండూ నెత్తిన ఉబ్బి ఉన్నాయి. 2200 మైక్రోఫారడ్, 50 వోల్ట్. మన ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో రెక్టిఫయర్ ప్రయోగం గుర్తుందా? ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత 100 హెర్ట్జ్ రిపుల్ మిగులుతుంది, దాన్ని కెపాసిటర్ నునుపు చేస్తుంది అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. కెపాసిటీ తగ్గుతుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ రిపుల్ నేరుగా స్పీకర్‌లోకొచ్చి గుర్‌ర్ మంటుంది. ల్యాబ్‌లో స్కోప్ మీద చూసిన గీతని నేను మొదటిసారి చెవితో విన్నది ఆ కొట్లోనే. రెండు కెపాసిటర్లు, మజూరీ కలిపి మూడొందలు కాలేదు. గుర్‌ర్ పోయింది. మార్పు చిన్నదే, కానీ దాన్ని వినడానికి గొప్ప చెవి అక్కర్లేదు.

(ఇది చదివి ఎవరూ ఇంట్లో ఆంప్లిఫయర్ మూత తీయకండి. ప్లగ్గు పీకేసినా ఆ కెపాసిటర్లలో కాసేపు చార్జ్ ఉంటుంది. చాచా ముందు దాన్ని రెసిస్టర్ పెట్టి ఖాళీ చేశాకే చెయ్యి వేశారు.)

డబ్బులు తీసుకుంటూ చాచా అడిగారు, "స్పీకరా కహా రఖే?" సజ్జ మీద, మూలల్లో అన్నాను. ఆయన మొహం చూస్తే నేను పెరుగన్నంలో బెల్లం కలుపుకుంటానని చెప్పినట్టుంది. శుక్రవారం కొట్టు బంద్ కాబట్టి నమాజ్ అయ్యాక ఇంటికే వస్తానన్నారు. వచ్చారు. జేబులోంచి ఒక పెన్సిల్ సెల్లు తీసి, ఆంప్లిఫయర్ దగ్గర విప్పిన వైరు కొసలకి ఆనించారు. ఎడమ స్పీకర్ కోన్ ముందుకొచ్చింది. కుడిదానికి ఆనించారు. కోన్ వెనక్కి పోయింది.

"ఒకటి బయటికి, ఒకటి లోపటికి. దోనోఁ కుస్తీ లడ్‌రై మియాఁ."

నా అల్లిక వైరుకి ప్లస్ ఏదో మైనస్ ఏదో చెప్పే గీత సన్నగా, కనిపించీ కనిపించనట్టు ఉంది. బిగించేటప్పుడు ఒక స్పీకర్‌కి తిరగేసి బిగించా. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. మా స్పీకర్ల మధ్య ఉన్నది అందులో సగం కూడా లేదు. కాబట్టి ఒకటి గాలిని నెట్టే సమయానికే ఇంకోటి లాగుతుంటే కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు స్పీకర్ల మధ్యలో నిలబడాల్సిన గొంతు ఎక్కడా నిలబడకుండా గదంతా పాకుతుంది. నేను మూడు నెలలు "క్లియర్‌గా ఉంది, గాలి ఆడినట్టుంది" అని మురిసిపోయింది దీన్ని చూసి. సౌండులో ఉన్న తప్పునే నేను నాలుగున్నర వేల గొప్పతనం అనుకున్నా.

నాన్నని అడిగా, మరి మంచిగుందని ఎందుకన్నావు అని. "నువ్వు గంత ఇష్టంగ తెచ్చినవ్. నాకు బాగనిపియ్యలే. నా చెవులకే ఏమన్న అయిందేమో అనుకున్న" అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

వైరు సరిచేశాక చాచా స్పీకర్లని సజ్జ మీంచి దింపించారు. రెండు స్టూళ్ల మీద, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి, గోడకి రెండడుగులు ముందుకి పెట్టించారు. పాట పెట్టి, తను నాన్న కూర్చునే కుర్చీలో కూర్చుని, "ఔర్ జరా ఆగే", "బస్, జరా పీఛే" అంటూ నాతో అటూ ఇటూ జరిపించారు. ఒక జానెడు ముందుకి లాగగానే ఘంటసాల గొంతుకి ఒళ్లు వచ్చింది. ఇంకో మాట దొరకట్లేదు. అంతవరకు గొంతు మాత్రమే ఉంది, అప్పుడు మనిషి వచ్చాడు.

ఇది మాయేం కాదు, లెక్క. స్పీకర్ నుంచి వెనక్కి పోయిన శబ్దం గోడకి తగిలి తిరిగొస్తుంది. గోడకీ స్పీకర్‌కీ ఉన్న దూరం అల పొడవులో నాలుగో వంతైతే, తిరిగొచ్చింది సరిగ్గా తిరగబడి వచ్చి ముందుకెళ్లేదాన్ని కొట్టేస్తుంది. శబ్దవేగాన్ని ఆ దూరానికి నాలుగింతలతో భాగించండి. రెండడుగులైతే సుమారు 140 హెర్ట్జ్ దగ్గర గొయ్యి. జానెడు ముందుకి జరిపితే అది 102 దగ్గరికి పోతుంది. మగవాళ్లు మాట్లాడే గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే మనం జరిపిన జానెడు పాడేవాడి గొంతు మధ్యలోంచి ఒక గొయ్యిని పక్కకి తీసుకెళ్లింది. ఏ వైరూ ఈ పని చేయలేదు.

ఇంక ఆ దబ్బదబ్బ. పదడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోయే అల సుమారు 56 హెర్ట్జ్. పొడవు పది, వెడల్పు పది, స్లాబ్ వేశాక ఎత్తూ పదే. మూడువైపులా అదే స్వరం ఉబ్బుతుంది. చదరంగా ఉన్న గది వాస్తుకి మంచిదేమో గానీ పాటకి పరమ చెడ్డది. పైగా మూలలో పెట్టిన స్పీకర్ ఆ ఉబ్బుని ఇంకా ఎగదోస్తుంది. గుచ్చడానికి కారణం టైల్స్, ఉత్తి గోడలు. అమ్మ పాత జంపఖానా పరిచింది, ఎదురు గోడకి ఒక బొంత వేలాడదీశాం. చుట్టాలొస్తే ఇదేంటని అడుగుతున్నారు. అడగనీ.

సరే, "వైరు వైరే" అన్న మా వాడి సంగతి. వాడిదీ సగమే నిజం. లెక్క చేద్దాం. మా పాత వైరు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 23/76. రాగి అడ్డుకోత సుమారు 0.67 చదరపు మిల్లీమీటర్లు. పోను రాను పది మీటర్లకి రెసిస్టెన్స్ 0.26 ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌తో కలిపితే పోయేది 0.27 డెసిబెల్. నా పాముపిల్ల 2.5 చదరపు మిల్లీమీటర్లది. అందులో పోయేది 0.07. అంటే నేను నాలుగున్నర వేలకి కొన్నది 0.2 డెసిబెల్. వాల్యూమ్ నాబ్‌ని గాలికి కదిలినంత తిప్పితే వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ. కానీ చవక హోమ్ థియేటర్లతో వచ్చే వెంట్రుకలాంటి వైరు చూడండి. 0.2 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. 4 ఓమ్ స్పీకర్‌కి అదే దూరం లాగితే 1.7 డెసిబెల్ పోతుంది. స్పీకర్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు కాబట్టి అన్ని స్వరాలూ సమానంగా పోవు, సౌండు రంగే మారుతుంది. అక్కడ వైరు మార్చాల్సిందే. ట్రూప్ బజార్‌లో దొరికే 40/76 చాలు.

స్పెసిఫికేషన్ కాగితం చూసి మోసపోయినవాళ్లలో మనకంటే పెద్దవాళ్లున్నారు. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ ఎంఐటీలో చదువుతూ 1956లో ఒక స్టీరియో కొన్నాడు. కాగితం మీద అంకెలన్నీ బాగున్నాయి, ఇంట్లో వింటే బాగాలేదు. ఎందుకా అని తవ్వుకుంటూ పోయి, హాల్లో మన చెవిని చేరే శబ్దంలో ఎక్కువ భాగం గోడలకీ కప్పుకీ తగిలి వచ్చేదేనన్న దగ్గర ఆగాడు. ఆయన కంపెనీ 1964లో పెట్టాడు. ఆ కంపెనీ స్పీకర్లు మంచివా కాదా అని మళ్లీ బి-బ్లాక్‌లో మొదలుపెట్టకండి. నేను చెప్తున్నది గది గురించి.

మరి నా చెవి నన్నెందుకు మోసం చేసింది? నాదొక్కటే కాదు. 1994లో హార్మన్ కంపెనీలో సీన్ ఆలివ్, ఫ్లాయిడ్ టూల్ ఒక ప్రయోగం చేశారు. అవే స్పీకర్లని తమ ఉద్యోగులకే ఒకసారి కనిపించేలా, ఒకసారి తెర వెనక దాచి వినిపించారు. కనిపించినప్పుడు పెద్దవీ ఖరీదైనవీ మంచి మార్కులు కొట్టేశాయి. తెర వేశాక ఆ ఆధిక్యం కరిగిపోయింది. రోజూ స్పీకర్లతో బతికేవాళ్లకే అలా అయితే, పుస్తకాల డబ్బు పెట్టినవాడికి ఎలా ఉంటుంది? బాగుండి తీరాలి కదా. ఇంకో మెలిక, రెండింటిలో కొంచెం గట్టిగా వినిపించేది మనకి "బాగున్నట్టు" అనిపిస్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన వక్రరేఖలు గుర్తుంటే, వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్ ఇంకా ఎక్కువగా పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకే పోల్చేముందు మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజీ సమానం చేయాలి. అది చేయకుండా "నా చెవి చెప్తోంది" అంటే నేనిక వినను.

ఆ ఆదివారం మేం ఇంట్లోనే తెర కట్టాం. తెర అంటే అమ్మ చీర. వెనక అమ్మ కూర్చుని రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే పాత వైరు, బొరుసు పడితే కొత్త వైరు పెట్టి కాగితం మీద రాసుకుంది. పన్నెండుసార్లు. నాకు ఆరు సరిపోయాయి. అమ్మ తెర వెనక నుంచి, "పుస్తకాల పైసలు ఇండ్ల పోసినవా?" అంది. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

నాన్న ఏడు చెప్పాడు, అదీ బిళ్ల ఎగరేసినట్టే. కానీ ప్రతిసారీ ఒక మాట అంటున్నాడు. "వైరు సంగతి ఏమో గాని కుడిదిక్కు ఎక్కువొస్తున్నది." బ్యాలెన్స్ నాబ్ చూస్తే ఎడమకి సగం పైనే తిరిగి ఉంది. నేను మధ్యలోకి తెచ్చా. ఇంకా ఎక్కువైంది అన్నాడు. స్పీకర్లు ఇటువి అటు మార్చా. కుడే. ఆంప్లిఫయర్ దగ్గర కుడి ఎడమ వైర్లు మార్చా. కుడే. గది కారణమేమోనని కుర్చీని వెనక్కి తిప్పి గోడవైపు కూర్చోబెట్టా. అప్పుడు కుడి పక్కన ఉన్నది నిజానికి ఎడమ స్పీకర్. నాన్న అప్పుడు కూడా కుడే అన్నాడు.

తప్పు పట్టుకోవడానికి మనకి నేర్పేది ఇదే కదా, ఒక్కోటి మారుస్తూ పో, తప్పు దేనితోపాటు కదుల్తుందో చూడు అని. అది స్పీకర్‌తో కదల్లేదు, వైరుతో కదల్లేదు, గదితో కదల్లేదు. నాన్నతో కదిలింది.

మర్నాడు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి తీసుకెళ్లా. డాక్టర్ లైటు పెట్టి చూసి, ఎడమ చెవిలో గులిమి గట్టిపడి దారి మూసేసిందని చెప్పారు. చుక్కలు వేసి మెత్తబడ్డాక తీశారు. ఆ తర్వాత ఆడియోగ్రామ్ తీశారు. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డెసిబెల్. మనం గీసే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ లాంటిదే, కాకపోతే మా నాన్నది. రెండు చెవులకీ 4 కిలోహెర్ట్జ్ దాటాక గీత కిందికి జారింది. వయసుతో వచ్చేదే అన్నారు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. నాన్నకి 54. ఎన్నాళ్లనుంచి ఆ నాబ్ ఎడమకి తిప్పుకుంటూ వచ్చాడో ఆయనకే గుర్తులేదు. షాపులో ఎడమపక్కనుంచి ఎవరన్నా పిలిస్తే పలకట్లేదని సేటు రెండుమూడుసార్లు కసురుకున్నాడట. అది మాకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

హాస్టల్లో ఉన్నవాళ్లకి సజ్జలు, జంపఖానాలు లేవని తెలుసు. మీకూ పనులున్నాయి. ఇయర్‌ఫోన్స్‌లో బాస్ లేదని కొత్తవి కొనేముందు రబ్బరు టిప్ ఒక సైజు పెంచి చూడండి, చెవిలో సందు ఉంటే బాస్ కారిపోతుంది. ల్యాప్‌టాప్‌కి స్పీకర్లు పెడితే గీ మంటుంటే చార్జర్ పీకి చూడండి, ఆగితే తప్పు స్పీకర్లది కాదు. అలాగని ఎర్త్ పిన్ను విరిచేసే తెలివి మాత్రం వద్దు, ఆ పిన్ను ఉన్నది మన ప్రాణం కోసం. బ్లూటూత్ డబ్బాని మంచం మీంచి తీసి టేబుల్ అంచుకి పెట్టండి. ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లు ఫ్రీగా ఉన్నాయి. ఫోన్ మైకు అంకెలు అంత నమ్మదగ్గవి కావు గానీ, అదే ఫోను, అదే చోటు అయితే ముందుకీ తర్వాతకీ తేడా చూపిస్తుంది.

చాచాకి ఆ శుక్రవారం పనికి ఎంతివ్వాలని అడిగితే తీసుకోలేదు. స్పీకర్లు జరపడం కూడా పనేనా అన్నారు. నాకైతే ఆ ఇంట్లో జరిగిన అసలు పని అదేననిపించింది. మా అమ్మ బలవంతంగా సకినాలు కట్టి ఇచ్చింది.

ఆ వైరు ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం సాయంత్రం బి-బ్లాక్ రెండో ఫ్లోర్ కామన్ రూమ్‌కి తెస్తున్నా. తెర ఉంటుంది, మల్టీమీటర్ ఉంటుంది, రూపాయి బిళ్ల ఉంటుంది. పన్నెండులో పది సరిగ్గా చెప్పినవాళ్లు వైరు పట్టుకుపోవచ్చు. ఊరికే ఊహించి పది చెప్పే అవకాశం రెండు శాతం కూడా లేదు, లెక్క వేసుకుని రండి. మొన్న గొడవపడ్డ ఇద్దరికీ ముందు వరసలో కుర్చీలు.